వడదెబ్బకి ఎండ అక్కర్లేదు: గ్రౌండు మాస్టార్లకు బహిరంగ లేఖ

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా కోస్తా పొడవునా కాలేజీ గ్రౌండుల్లో, బీచ్ రోడ్ల మీద, బైపాసుల పక్కన, పోలీసు, బలగాల ఉద్యోగాల పరుగు పరీక్షల కోసం తెల్లారకముందే పిల్లల్ని వరసలో నిలబెట్టి పరుగెత్తించే ఫిజికల్ కోచింగ్ మాస్టార్లందరికీ నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణే. విజయనగరం జిల్లాలో వ్యాయామ అధ్యాపకుడిగా చేసి రిటైరయ్యాను. రిటైరైనా పొద్దున్నే గ్రౌండుకి వెళ్లకపోతే నాకు తోచదు. మీ పని ఎలాంటిదో దగ్గర నుంచి చూస్తున్నాను. మీలో కొందరు ఆర్మీలో చేసి వచ్చినవాళ్లు. కొందరు సెలక్షన్ అంచుదాకా వెళ్లి ఆగిపోయి, తమకు దక్కనిది తమ్ముళ్లకైనా దక్కాలని విజిల్ పట్టినవాళ్లు. ఫీజు కట్టలేనివాణ్ణి వరసలోంచి బయటకు పంపిన మాస్టార్ని నేను చూడలేదు. ఉత్తరాంధ్రలో ఎన్నో ఇళ్లలో మొదటి ప్రభుత్వ జీతం మీ గ్రౌండులోంచే వచ్చింది. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడుగుతున్నది ఒకటే. ఏప్రిల్ నుంచి వర్షాలు కుదురుకునే దాకా పరుగు పద్ధతి మార్చండి. ఆ రోజుల్లో స్టాప్‌వాచ్ చెప్పినట్టు పరుగెత్తించకండి. పిల్లల ఊపిరి చెప్పినట్టు పరుగెత్తించండి. ఎవరైనా తూలిపడితే అక్కడికక్కడే ఒళ్లు చల్లబరచడానికి నీళ్లూ ఐసూ సిద్ధంగా పెట్టుకోండి.

ఈ మాట అనగానే వచ్చే జవాబు నాకు తెలుసు. "మేం నాలుగున్నరకే మొదలెడతాం సార్, ఎండ పొడిచేసరికి ముగించేస్తాం." నిజమే, చాలామంది అలాగే చేస్తున్నారు, అది మంచి అలవాటు కూడా. కానీ మన కోస్తాలో అసలు ప్రమాదం ఆ చీకట్లోనే మొదలవుతోంది. రెంటచింతలలో మధ్యాహ్నం కాసే ఎండ గురించి పేపర్లు రాస్తాయి. కాకినాడలోనో కళింగపట్నంలోనో తెల్లవారుజామున పట్టే ఉక్క గురించి ఎవరూ రాయరు. పరుగెత్తేవాడికి ఆ ఉక్కే శత్రువు.

కారణం చెమటలో ఉంది. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరిపోవడం వల్ల చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడిని తీసుకుపోతుంది. అదే చెమట మోచేతి మీదుగా బొట్లు బొట్లుగా నేల మీద పడితే తీసుకుపోయేది దాదాపు ఏమీ లేదు. ముసురు పట్టిన రోజు దండెం మీద బట్టలు ఎందుకు ఆరవో, ఉక్కరోజున చెమట కూడా అందుకే ఆరదు. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. పిల్లవాడి బనియను పిండితే నీళ్లు కారుతుంటే "బాగా చెమటోడ్చాడు" అని మనం మురిసిపోతాం. ఆ నీళ్లన్నీ ఒంటిని చల్లబరచకుండా వృథాగా పోయినవే.

ఇందుకే క్రీడల వైద్యులు ఒట్టి ఉష్ణోగ్రతను నమ్మరు. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి చూసే తడి బల్బు ఉష్ణోగ్రతకి 70 శాతం విలువ ఇచ్చి, మిగతాది ఎండకీ గాలి వేడికీ కలిపి ఒక సూచీ కడతారు. ఆ సూచీ 28 దాటితే దూరపు పరుగుల పోటీలు పెట్టవద్దని అమెరికాలోని క్రీడా వైద్య నిపుణుల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. ఇప్పుడు మన లెక్క చూడండి. మే నెల తెల్లవారుజామున గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుందాం. తడి బల్బు 28 దగ్గర ఉంటుంది. సూర్యుడు లేకపోయినా సూచీ 28 దాటేసింది. అదే 30 డిగ్రీలు, తేమ 40 శాతం ఉన్న రాయలసీమ ఊళ్లో అయితే తడి బల్బు 20 దగ్గర, సూచీ 23 దగ్గర ఆగుతుంది. థర్మామీటరు రెండుచోట్లా ఒకటే చూపిస్తుంది. పరుగెత్తే ఒంటికి మాత్రం అవి రెండు వేర్వేరు లోకాలు. తడి బల్బు, పొడి బల్బు పరికరం కొన్ని కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో దొరుకుతుంది, అడిగితే లెక్చరర్లు సంతోషంగా నేర్పిస్తారు. అది కుదరకపోతే ఫోన్లో ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతం కూడా చూసే అలవాటు చేసుకోండి.

మన పిల్లలకు ఒంట్లో సత్తువ లేక ఇలా అవుతోందని ఎవరికైనా అనిపిస్తే, దోహా సంగతి గుర్తు చేస్తాను. 2019లో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు అక్కడ జరిగాయి. ఎండకి భయపడి మహిళల మారథాన్‌ని అర్ధరాత్రి మొదలుపెట్టారు. సెప్టెంబరు 27 రాత్రి అది. సూర్యుడు లేడు, గాలి 32 డిగ్రీల పైన, తేమ 70 శాతం పైన. బయలుదేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్లు పరుగే జీవితంగా బతికేవాళ్లు, వెనక కోచ్‌లు, వైద్యులు ఉన్నవాళ్లు. గెలిచిన కెన్యా అమ్మాయికి కూడా 2 గంటల 32 నిమిషాలు పైనే పట్టింది. ఆ స్థాయి పరుగుకి అది చాలా నెమ్మది. గెలవడం కోసమే ఆమె వేగం తగ్గించుకుంది. ఆ దెబ్బకి భయపడే టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ని చల్లగా ఉంటుందని ఉత్తరాన సపోరోకి మార్చారు. అక్కడా వేడి వదలలేదు. మహిళల పరుగుని ముందురోజు రాత్రి నిర్ణయం తీసుకుని గంట ముందుకు జరిపారు. ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్లు వాతావరణాన్ని చూసి షెడ్యూలు మార్చుకున్నారు. మన గ్రౌండులో మాత్రం మార్చితే బద్ధకం అనుకుంటారేమో అన్న మొహమాటం.

"మాది మారథాన్ కాదు కదా, 1600 మీటర్లే కదా" అని మరో మాట. ఇందులో కొంత నిజం ఉంది, ఆ కొంత ఎంతో కూడా లెక్కేద్దాం. మనిషి కిలోమీటరు పరుగెత్తితే ఒంటి బరువు కిలోకి ఒక కిలోకాలరీ చొప్పున ఖర్చవుతుంది. అందులో ముప్పావు వంతుకు పైగా వేడిగానే మారుతుంది. అరవై కిలోల కుర్రాడు 1600 మీటర్లు పరుగెత్తితే పుట్టే వేడి ఒక్క చుక్క చెమట ఆరకపోయినా ఒంటిని ఒకటిన్నర డిగ్రీ పెంచుతుంది. సివిల్ కానిస్టేబుల్ కుర్రాళ్లకి ఇక్కడ 8 నిమిషాలు, తెలంగాణలో 7 నిమిషాల 15 సెకన్లు అంటే 400 మీటర్ల రౌండుకి రెండు నిమిషాలూ, అంతకన్నా కాస్త తక్కువ. అంతసేపట్లో ఒళ్లు కాలిపోదు. కానీ మీరు పరీక్ష ఒక్కటే పెట్టడం లేదు కదా. వార్మప్‌కి నాలుగు రౌండ్లు, ఆపైన అసలు పరుగు, ఆలస్యంగా వచ్చినందుకు రెండు రౌండ్లు, చివర కసరత్తులు. ఇక సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి బలగాల్లో కానిస్టేబుల్ పోస్టుకి మగపిల్లలు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో ముగించాలి. అదే కుర్రాడు ఆ 5 కిలోమీటర్లు పరుగెత్తితే పుట్టే వేడి, బయటికి పోయే దారి లేకపోతే, ఒంటిని నాలుగున్నర డిగ్రీలకు పైగా పెంచగలదు. మామూలు 37 మీద అది కలిస్తే 41 దాటింది. చెమట కొంత ఆరుతుంది కాబట్టి అంతదాకా పోదు. ఆ కొంతని ఉక్క ఎంత తగ్గిస్తుందో ఆ మేరకు పిల్లవాడు అంచు మీదికి జరుగుతాడు. వేడి పొయ్యి బయట లేదు, కండల్లోనే ఉంది. ఎంత వేగంగా పరుగెడితే అంత మంట.

2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికకి 10 కిలోమీటర్లు గంటలో పరుగెత్తమన్నారు. ఆగస్టు చివర మొదలైన ఆ పరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక్కో మరణానికి ఒక్కో కారణం ఉండి ఉంటుంది, అన్నిటినీ వేడి మీదికి నెట్టను. కానీ వానాకాలపు ఉక్కలో, నిద్రలేని రాత్రి తర్వాత, ఉద్యోగం ఒక్కటే కళ్ల ముందు పెట్టుకుని పరుగెత్తే పిల్లలు తమంతట తాము ఆగరన్నది మాత్రం అక్కడ తేలిపోయింది. ఆపాల్సింది విజిల్ చేతిలో ఉన్నవాళ్లే.

ఆగకుండా పరుగెత్తిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. మే నెల, రోహిణి కార్తె ఇంకా పెట్టలేదు. చీకటి పూర్తిగా విడలేదు. డిగ్రీ పరీక్షలు రాసి వారం కిందటే బ్యాచిలో చేరిన అబ్బాయి. అయిదు కిలోమీటర్ల పరుగు చివర రౌండ్లలో ముందున్న గుంపుకి కాస్త వెనక పడ్డాడు. వంపు తిరగాల్సినచోట తిరగకుండా నేరుగా పెవిలియన్ మెట్ల వైపు పరుగెత్తుకుంటూ పోయాడు. వెనకున్నవాళ్లు నవ్వారు. మాస్టారు అరిచారు. వాడు ఆగి, తిరిగి, ఎదురు దిశలో నాలుగు అడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. లేపబోయిన స్నేహితుణ్ణి తిట్టాడు, చేత్తో తోసేశాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని పిల్లవాడట. "నటిస్తున్నాడు సార్, రోజూ ఎవడో ఒకడు" అన్నారు ఆ మాస్టారు నాతో. నేను చెయ్యి వేసి చూస్తే ఒళ్లు నిప్పుల్లా ఉంది, చెమట మాత్రం ధారగా కారుతోంది. గ్రౌండు వాచ్‌మన్ మొక్కలకి పెట్టే పైపు తెచ్చి బోరు మోటారు వేశాడు. బట్టలు విప్పి, నీడలో పడుకోబెట్టి, 108 వచ్చేదాకా తలా మెడా ఛాతీ చంకలూ తొడలూ అన్నిటి మీదా ఆ నీళ్లు వదులుతూనే ఉన్నాం. ఎవరో పరుగెత్తుకెళ్లి సోడా బండి దగ్గర ఐసు తెచ్చారు. అంబులెన్సు వచ్చేసరికి తన పేరు చెప్పాడు. తర్వాత ఆసుపత్రిలో డాక్టరు ఆ కుర్రాడి తండ్రితో అన్నమాట: గ్రౌండులో ఆ నీళ్లు పోయకపోతే మేం చేయగలిగింది తక్కువ.

ఇందులో మీరు గుర్తు పెట్టుకోవాల్సినవి అన్నీ ఉన్నాయి. వడదెబ్బ అంటే చర్మం పొడిబారుతుంది, చెమట ఆగిపోతుంది అని మనం చదువుకున్నాం. అది మంచంలో ఉన్న ముసలివాళ్లకి, ఎండలో కూర్చున్నవాళ్లకి వచ్చే రకం. పరుగులో వచ్చే వడదెబ్బకి చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది. గుర్తు చర్మంలో వెతకకండి, మాటలోనూ నడకలోనూ వెతకండి. తూలడం, దారి తప్పడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, ఉన్నట్టుండి కోపం, ఏడుపు, పిచ్చి చూపు. ఈ రోజు ఏ వారం, నీ చెస్ట్ నంబరు ఎంత అని అడగండి. తడబడితే ఇక ఆలోచించకండి. నుదుటి మీద పెట్టే గన్ను థర్మామీటరు, చంకలో పెట్టే థర్మామీటరు ఈ పరిస్థితిలో తప్పు చూపిస్తాయి. అవి 38 చూపించాయని వదిలేసిన ప్రాణాలున్నాయి.

తర్వాత చేయాల్సింది: ముందు చల్లబరచడం, తర్వాత తీసుకెళ్లడం. మన అలవాటు దీనికి పూర్తిగా తలకిందులు. పిల్లవాడు పడగానే నలుగురు మోసుకెళ్లి ఆటోలో పడేస్తారు, అరగంట ప్రయాణం, ఆ అరగంటా ఒళ్లు లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఆ మొదటి అరగంటే ప్రాణానికీ కిడ్నీలకీ మెదడుకీ తీర్పు చెప్పేది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్మత్ అనే సముద్రపు ఊళ్లో ఏటా ఆగస్టులో 11 కిలోమీటర్ల పరుగు పెడతారు. అక్కడా ఆ రోజుల్లో ఉక్క ఉంటుంది. అక్కడ 18 ఏళ్ల పోటీల్లో నమోదైన 274 వడదెబ్బ కేసుల్ని పరిశీలించి 2015లో పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పడినవాళ్లని గీత దగ్గరే ఐసు నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టారు. 274 మందీ బతికారు. ఒక్కరు కూడా పోలేదు. ఖరీదైన మందు ఏదీ లేదు అందులో, తొట్టీ నీళ్లూ ఐసూ అంతే.

తొట్టి మనకీ కష్టం కాదు. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి గ్రౌండులో ఉంచుకోండి. మనిషిని దాని మధ్యలో పడుకోబెట్టి ఆరుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి. అందులో బకెట్లతో నీళ్లు, ఐసు ముక్కలు పోసి కదుపుతూ ఉండాలి. తల నీళ్లపైన ఉండేలా ఒకరు చంకల కింద చేతులు వేసి పట్టుకోవాలి. ఐసు మన తీరంలో దొరకని ఊరు ఉంటుందా? చేపల రేవు ఉన్నచోటల్లా ఐసు దిమ్మలు దొరుకుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలకీ ఎవరి దగ్గర దొరుకుతుందో ముందే మాట్లాడి పెట్టుకోండి. థర్మోకోల్ పెట్టెలో రోజూ అరదిమ్మ ఐసు, నిండా నీళ్లున్న రెండు డ్రమ్ములు, నాలుగు తువ్వాళ్లు. ఇంతే సరంజామా. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి, వణుకు పుట్టేదాకానో, లేదా పది పదిహేను నిమిషాలైనా ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. పడ్డవాడికి ఊపిరే ఆడకపోతే మాత్రం అది గుండె సంగతి. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ప్రతి బ్యాచిలో ఇద్దరు ముగ్గురికైనా అది నేర్పించండి.

అసలు పని అంతదాకా రానివ్వకపోవడం. దానికి పరుగే మారాలి.

కొత్తగా చేరినవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. పరీక్షలైపోయి ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారిగా వచ్చి పడతారు. నెలలపాటు ఫ్యాను కింద కూర్చుని చదివినవాళ్లు. మొదటి రోజే పాత బ్యాచితో కలిపి పరుగెత్తిస్తే, వాళ్లే అందరికన్నా ఎక్కువ ఉత్సాహంగా పరుగెత్తి పడిపోతారు. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. మొదటి వారంలో నెత్తురులో నీటిపాలు పెరుగుతుంది, గుండె అంత పరుగు పెట్టకుండానే పని జరుగుతుంది. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది. ఆ తర్వాతి రోజుల్లో చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఇదంతా అందరి ఒంట్లోనూ జరిగేదే. కాకపోతే సమయం ఇవ్వాలి. మొదటి నాలుగైదు రోజులు ఇరవై నిమిషాలు, నడకా పరుగూ కలిపి. తర్వాత రోజుకి కొంచెం. రెండో వారం దాటాకే వేగం. జ్వరమో విరేచనాలో వచ్చి వారం పోయి తిరిగొచ్చినవాడు కూడా కొత్తవాడితో సమానమే, మళ్లీ మొదటి నుంచి. మూడు నాలుగు వారాలు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది.

పాత బ్యాచికీ వేసవిలో గడియారం పక్కన పెట్టండి. అయిదు కిలోమీటర్లు 24 నిమిషాలంటే రౌండుకి 1 నిమిషం 55 సెకన్లు. చలికాలంలో ఆ వేగంతో పరుగెత్తగలిగినవాడు ఉక్కలో రౌండుకి పది సెకన్లు నెమ్మదించినా వాడి గుండె అంతే కష్టపడుతోంది. గడియారం ప్రకారం వెనకబడ్డాడని రెండు రౌండ్లు అదనంగా వేస్తే మీరు శిక్షించింది వాణ్ణి కాదు, వాతావరణాన్ని. వాడు పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. "సార్ నేను బాగానే ఉన్నాను, ఇంకో రౌండు వేస్తాను" అని ఆయాసపడకుండా అనగలిగితే అది సరైన వేగం. వారంలో ఎక్కువ రోజులు అదే చాలు. వేగం తప్పనిసరిగా కావాలంటే వారానికి ఒకటి రెండు రోజులు మూడువందల మీటర్ల ముక్కలుగా పెట్టండి. ఒక్కో ముక్క మధ్య ఊపిరి కుదుటపడేదాకా నీడలో నడిపించండి. కొన్నిచోట్ల సాయంత్రం సముద్రపు గాలి బాగా వీస్తుంది. అయిదున్నర దాటాక చెమట ఆరడం చూస్తే మీకే తెలుస్తుంది, పొద్దుటికన్నా అప్పుడే నయమనిపించే రోజులుంటాయి. బిగిసిపోయిన గాలి, ఆకు కదలని తెల్లవారుజాము అయితే ఆ రోజు నడక, కసరత్తు, ఈత తెలిసినవాళ్లకి ఈత. ఒక్కరోజు పరుగు మానేస్తే ఎవరి ఉద్యోగమూ పోదు. వేసవంతా నెమ్మదిగా చేసిన పరుగు వర్షాలు పడగానే వేగంగా తిరిగొస్తుంది, అప్పుడు గడియారం బయటికి తీయండి.

నీళ్ల విషయంలో నాకు కోపం వచ్చే మాట ఒకటుంది: "రౌండ్లు అయ్యేదాకా నీళ్లు ముట్టుకోవద్దు, స్టామినా రాదు." ఇది ఎక్కడిదో తెలియదు కానీ తరాలుగా మన గ్రౌండుల్లో తిరుగుతోంది. దాహాన్ని ఆపుకుంటే స్టామినా రాదు. నెత్తురు చిక్కబడి, చర్మానికి అందాల్సిన నెత్తురు తగ్గి, ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. ఉక్కలో గంట పరుగెత్తితే ఒక లీటరు నుంచి రెండు లీటర్ల దాకా చెమట పోతుంది. వారానికోసారి పరుగు ముందూ తర్వాతా బరువు తూయండి. కిలో తగ్గితే లీటరు నీళ్లు తగ్గినట్టు. ఒంటి బరువులో రెండు శాతం కన్నా ఎక్కువ తగ్గుతున్నవాడికి మధ్యలో నీళ్లు చాలడం లేదని అర్థం. అలాగని భయంతో లీటర్లకొద్దీ ఒట్టి నీళ్లు తాగించడమూ తప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగువాళ్లలో 13 శాతం మందికి నెత్తురులో సోడియం పడిపోయి ఉందని తేలింది. నీళ్లు అతిగా తాగడం దానికి ముఖ్య కారణం. దాహానికి తాగాలి, ఉప్పు కలిసినది తాగాలి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలపండి, అర లీటరులో చిక్కగా కలపకండి. ఇంట్లో ఉన్నవీ మంచివే. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చోడి అంబలి, గంజి, తరవాణి. మన తాతలు ఎండలో పొలం దున్ని తాగినవి ఇవే. కొబ్బరి నీళ్లు మంచివే కానీ అందులో సోడియం తక్కువ, చిటికెడు ఉప్పు వేసుకోమనండి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. గ్రౌండులో మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు ఇంటి దగ్గరే నీళ్లు మానేసి వస్తారు. ఎవరూ మీతో చెప్పరు. ట్రాక్‌సూటు, పైన ఇంకో చొక్కా, అంత ఉక్కలో గొంతు తడవకుండా రౌండ్లు. నెలసరి రోజుల్లో పరిస్థితి ఇంకా కష్టం. మరుగుదొడ్డి తెరిపించడం మీ వేసవి శిక్షణలో భాగమే అనుకోండి. అలాగే బరువు తగ్గుతారని జర్కిన్లు, ప్లాస్టిక్ చెమట సూట్లు వేయించడం వెంటనే ఆపండి. తగ్గేది నీళ్ల బరువు, సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది. ఈలోపు చెమట ఆరే దారి పూర్తిగా మూసేసినట్టు. కాళ్ల నొప్పులకని పరుగు ముందు మింగే నొప్పి మాత్రలు కూడా ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలని దెబ్బతీస్తాయి. పిల్లల సంచుల్లో ఏమున్నాయో అడగండి. తిట్టడానికి కాదు, మాన్పించడానికి.

అల్లూరి, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి పిల్లలు వచ్చే గ్రౌండుల మాస్టార్లకి మరో మనవి. నెత్తురులో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్‌సెల్ అనే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. గిరిజన ప్రాంతాల్లో ఆ సికిల్‌సెల్ లక్షణం ఉన్నవాళ్లు ఎక్కువ. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవాళ్లు పరుగెత్తవచ్చు, ఉద్యోగాలూ చేయవచ్చు. వాళ్లని ఎవరూ వరసలోంచి తీసేయకూడదు, కార్డు చూసి చిన్నచూపు చూడకూడదు. కానీ వేడిలో, నీళ్లు తక్కువైనప్పుడు, విరామం లేకుండా గట్టిగా పరుగెత్తిస్తే వాళ్ల కండల్లోకి నెత్తురు సరిగా అందక కూలిపోయే ప్రమాదం ఉంది. వీళ్లు కూలిపోయే తీరు వడదెబ్బలా ఉండదు. మాట బాగానే ఉంటుంది. "కాళ్లు ఆడట్లేదు సార్, నడుం పట్టేసింది" అంటారు. కండ ముట్టుకుంటే కొంకర్లు పోయినప్పటిలా గట్టిగా ఉండదు. సోమరితనం అని మనకి పొరపాటుగా అనిపించేది ఇక్కడే. ఆ మాట వినగానే పరుగు ఆపించి కూర్చోబెట్టి, తేరుకోకపోతే ఆసుపత్రికి పంపండి, అక్కడ సికిల్‌సెల్ మాట తప్పకుండా చెప్పండి. బ్యాచిలో చేరేటప్పుడే, పదిమంది ముందు కాకుండా, ఒంటరిగా అడిగి రాసి పెట్టుకోండి.

గ్రౌండుల తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఆ ప్రిన్సిపాళ్లకి, మున్సిపల్ కమిషనర్లకి, స్టేడియం అధికారులకి కూడా రెండు ముక్కలు. వేసవి నాలుగు నెలలు గేటు నాలుగింటికే తెరవండి. గేటు తెరవకపోతే పిల్లలు హైవే మీద పరుగెత్తుతారు, చీకట్లో లారీల పక్కన. ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, రెండు లైట్లు ఇవ్వండి. విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే వేడి హెచ్చరికల్ని ముందురోజు సాయంత్రమే గేటు మీద రాయించండి. ఎంపిక పరీక్షల తేదీలు నిర్ణయించే అధికారులకి: ఉక్క ఎక్కువగా ఉండే నెలల్లో దూరపు పరుగులు పెట్టవద్దు, పెట్టాల్సి వస్తే ప్రతి ట్రాక్ పక్కనా ఐసు తొట్టి పెట్టండి.

మాస్టారూ, మీ మాట పిల్లలు తల్లిదండ్రుల మాటకన్నా ఎక్కువ వింటారు. మీరు ఆగమంటేనే ఆగుతారు, ఆగడం తప్పు కాదని మీరు చెబితేనే నమ్ముతారు. ఈ ఆదివారం బరకం, డ్రమ్ములు, థర్మోకోల్ పెట్టె తెచ్చి గ్రౌండులో పెట్టండి. సోమవారం పొద్దున్న పరుగు మొదలుపెట్టే ముందు బ్యాచి మొత్తాన్ని కూర్చోబెట్టి ఒకణ్ణి బరకంలో పడుకోబెట్టి చేసి చూపించండి. ఎవరు నీళ్లు తేవాలి, ఎవరు 108కి ఫోన్ చేయాలి, ఎవరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకి దారి చూపాలి, పేర్లు పెట్టి చెప్పండి. చూపించడానికి మనిషి కావాలంటే, విజయనగరం చుట్టుపక్కల ఏ గ్రౌండుకైనా పొద్దున్నే నేను వస్తాను.

నమస్కారాలతో,
ఒక రిటైర్డ్ వ్యాయామ అధ్యాపకుడు,
విజయనగరం జిల్లా